కొరియర్ పేరుతో ఫోన్, వీడియోలో పోలీసు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి శీర్షికను పూర్తిగా ఫోన్, కొరియర్ మోసాలకే కేటాయించాం. డబ్బు ఇప్పుడే పోయినవాళ్లు మాత్రం ఇది చదువుతూ కూర్చోవద్దు. ముందు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యండి. వాళ్లకు ఏం చెప్పాలో ఐదో ప్రశ్న జవాబులో ఉంది.

1. నేను రిటైర్డ్ టీచర్ని, ఒంటరిగా ఉంటాను. కొరియర్ కంపెనీ నుంచి అంటూ ఫోన్ వచ్చింది. నా ఆధార్‌తో ముంబై నుంచి తైవాన్‌కు పార్సిల్ బుక్ అయిందని, అందులో పాస్‌పోర్టులు, మత్తుమందులు దొరికాయని చెప్పి పోలీసులకు కలిపారు. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్న మనిషి నా ఆధార్ నంబరు తప్పు లేకుండా చదివాడు. భయమేసి ఆపేశాను. మళ్లీ మళ్లీ చేస్తున్నారు. నిజంగానే కేసు ఉంటే ఏం చెయ్యాలి? – గుంటూరు పాఠకురాలు

కేసు లేదు, పార్సిల్ లేదు, ఆ మనిషి పోలీసూ కాదు. మీరు ఫోన్ ఆపెయ్యడమే సరైన పని. ఆ నంబర్లను బ్లాక్ చెయ్యండి.

ఆపకపోయి ఉంటే ఏం జరిగేదో చెబుతాం, ఎందుకంటే ఈ మోసం మెట్టు మెట్టుగా ఒకే దారిలో నడుస్తుంది. మొదట రికార్డు చేసిన గొంతు వినిపిస్తుంది, వివరాలకు 9 నొక్కమంటుంది. తర్వాత వచ్చే మనిషి మర్యాదగా మాట్లాడతాడు. ‘మీ ఆధార్‌ను ఎవరో వాడుకున్నట్టున్నారు మేడమ్, మీరే ఫిర్యాదు ఇవ్వండి, నేను పోలీసులకు కలుపుతాను’ అంటాడు. మీ పక్షాన ఉన్నట్టు కనిపించడమే అతని పని. మూడోవాడు యూనిఫాంలో ఉంటాడు, వెనక పోలీస్ స్టేషన్ సెట్టు. అతను సీబీఐ, ఈడీ, సుప్రీంకోర్టు ముద్రలతో కాగితాలు వాట్సాప్‌లో పంపుతాడు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమంటాడు. కెమెరా ఆపొద్దు, ఇంట్లోవాళ్లకు చెబితే వాళ్లనూ అరెస్టు చేస్తాం అంటాడు. చివరికి అసలు మాట బయటపడుతుంది: ‘మీ డబ్బు సక్రమమైనదో కాదో తేలాలి, రిజర్వు బ్యాంకు ఖాతాకు పంపండి, పరిశీలించి తిరిగి వేస్తాం.’ ఆ ఖాతా ఎవరిదో అద్దె ఖాతా. ఎఫ్‌డీ తీయించి, బ్యాంకుకు పంపించి, పెద్ద మొత్తాలు పంపే ఆర్‌టీజీఎస్ చేయిస్తారు. బ్యాంకువాళ్లు అడిగితే ఇల్లు కట్టుకుంటున్నామనో, వైద్యానికనో చెప్పమని ముందే నేర్పుతారు.

గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి కాల్‌లోనే ఉంచడానికి కారణం ఒక్కటే. ఈ కథ మూడో మనిషి చెవిన పడితే నిలవదు. పక్కింటివాళ్లో పాలవాడో వింటే ‘ఇదేం పోలీసండీ’ అనేస్తారు. అందుకే మళ్లీ ఇలాంటి కాల్ వస్తే వాదించకండి, పరీక్షించకండి, ఆపేసి వెంటనే ఇంకొకరితో మాట్లాడండి.

చట్టం సంగతి. ‘డిజిటల్ అరెస్టు’ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబరు 27 నాటి ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రే ఈ మాట చెప్పారు. పోలీసులు విచారణకు పిలవాలంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత 35వ సెక్షన్ కింద నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. హర్యానాలోని అంబాలాలో ఒక వృద్ధ దంపతులను సుప్రీంకోర్టు పేరిట సృష్టించిన దొంగ ఉత్తర్వులతోనే దోచారు. వాళ్లు రాసిన లేఖ మీద కోర్టు తానే కేసు చేపట్టి, 2025 డిసెంబరులో దేశవ్యాప్త దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. కాబట్టి కాగితం మీద ఏ ముద్ర ఉందన్నది చూడనక్కర్లేదు. ఏ అధికారీ వీడియో కాల్‌లో డబ్బు అడగడు.

మీ ఆధార్ నంబరు వాళ్లకు ఎలా తెలిసిందన్నదే మిమ్మల్ని ఎక్కువ భయపెట్టి ఉంటుంది. సిమ్ కొన్నచోట, లాడ్జిలో, అప్పు ఇచ్చే యాప్‌లో మనం ఇచ్చిన జెరాక్సులు, ఫొటోలు ఎక్కడెక్కడో చేతులు మారుతుంటాయి. నంబరు చదివినంత మాత్రాన కేసు ఉన్నట్టు కాదు. అనుమానం పూర్తిగా తీరాలంటే ఆధార్ తీసుకుని మీ పేట పోలీస్ స్టేషన్‌కు వెళ్లి అడగండి, లేదా 112కు ఫోన్ చెయ్యండి. డబ్బు పోలేదు కాబట్టి ఆ నంబర్లను ‘సంచార్ సాథీ’ వెబ్‌సైటులోనో యాప్‌లోనో ‘చక్షు’ అనే విభాగంలో నమోదు చెయ్యండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా అక్కడే చూడొచ్చు. మీవి కానివి కనిపిస్తే పక్కనే ‘నా నంబరు కాదు’ అని పెట్టండి.

ఇదే మోసానికి ఇంకో వేషం ఉంది. ‘ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో మీ నంబరు ఆగిపోతుంది’ అంటారు. టెలికాం నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్ ఎవరి నంబరునూ ఆపదు, అలాంటి ఫోన్లు చెయ్యదు.

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. అవతలివాళ్లు చక్కటి తెలుగు మాట్లాడారని నమ్మకండి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లను కంబోడియా తీసుకెళ్లి, అక్కడ బంధించి ఇలాంటి ఫోన్లే చేయిస్తున్నారని 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు.

2. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్నలు రాజమండ్రిలో ఉంటారు. నాన్నగారికి 74 ఏళ్లు. బ్యాంకు పనులన్నీ ఆయనే చూసుకుంటారు, ఎవరైనా జోక్యం చేసుకుంటే నొచ్చుకుంటారు. అమ్మకు ఈమధ్య మతిమరుపు. ఆయన మనసు నొప్పించకుండా జాగ్రత్తలు ఎలా తీసుకోవాలి?

‘తెలియనివాళ్లతో మాట్లాడకండి నాన్నా’ అని రోజూ చెప్పడం వల్ల ఒరిగేది తక్కువ. భయంలో ఉన్న మనిషికి ఆ మాట గుర్తుకు రాదు. ఒక్క ఫోన్ కాల్‌తో మొత్తం డబ్బు కదలకుండా బ్యాంకులో ముందే ఏర్పాటు చేసుకోవడమే అసలు రక్షణ. ఈసారి ఊరు వెళ్లినప్పుడు ఒక పూట దీనికి పెట్టుకోండి.

మొదట ఎఫ్‌డీలు. పెద్దవాళ్ల కేసుల్లో పెద్ద మొత్తం పోయేది వీటి నుంచే. ఎఫ్‌డీ బాండు మీద ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ అని ఉంటే, మీ బ్యాంకు నిబంధనల్ని బట్టి ఒక్కరి సంతకంతో, నెట్ బ్యాంకింగ్ ఉంటే ఒక్క క్లిక్కుతో గడువుకు ముందే తీసెయ్యగల వీలు ఉంటుంది. ‘జాయింట్‌లీ’ అని మార్పిస్తే ఇద్దరి సంతకాలూ కావాలి. మీ అమ్మగారికి మతిమరుపు అంటున్నారు కాబట్టి రెండో పేరుగా మీ పేరు ఉంటే మంచిది. ఇందులో ఒక చిక్కు ఉంది. ఇద్దరిలో ఒకరు మంచాన పడినా, కాలం చేసినా రెండో సంతకం లేక డబ్బు ఇరుక్కుంటుంది. అందుకని ఆసుపత్రి అవసరానికి సరిపడా ఒక ఎఫ్‌డీని పాత పద్ధతిలోనే ఉంచి, మిగిలినవి మార్చండి. నామినీ పేర్లు కూడా అప్పుడే సరిచూడండి. ఆన్‌లైన్‌లో ఎఫ్‌డీ మూసే సదుపాయాన్ని తీసెయ్యమని అడగండి. వీలుకాదంటే నెట్ బ్యాంకింగ్‌ను చూడ్డానికి మాత్రమే పనికొచ్చేలా మార్చమనండి. చాలా బ్యాంకుల్లో ఈ ఏర్పాటు ఉంది.

రెండోది, పింఛను పడే ఖాతాను యూపీఐకి తగిలించకండి. ఇంకో సేవింగ్స్ ఖాతా తెరిచి, నెలకు పది పదిహేను వేలు దానికి వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇప్పించండి. ఫోన్‌పే, గూగుల్‌పే ఆ ఖాతాకే ఉండాలి. ఎంత పెద్ద మోసగాడైనా అందులో ఉన్నంతే తీసుకోగలడు. డెబిట్ కార్డుకు ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం ఆపేసి, ఏటీఎం పరిమితి తగ్గించండి. కార్డు సదుపాయాలను ఇలా విడివిడిగా ఆపుకునే వీలు ఖాతాదారుకు ఉండాలని రిజర్వు బ్యాంకు 2020లోనే ఆదేశించింది. బ్యాంకు యాప్‌లోనే ఇది చేసుకోవచ్చు. నాన్నగారు ఒప్పుకుంటే ఖాతా అలర్టులకు ఈమెయిల్‌గా మీ మెయిల్ ఇవ్వండి. ఎస్సెమ్మెస్ ఆయనకే వస్తుంది, మెయిల్ మీకు వస్తుంది.

బ్రాంచికి వెళ్లినప్పుడు మేనేజరుతో మాట్లాడండి. ‘నాన్నగారు పెద్ద మొత్తం ఆర్‌టీజీఎస్‌కు వస్తే, ఎఫ్‌డీ తీస్తానంటే, దయచేసి నాకొక్క ఫోన్ చెయ్యండి’ అని నాన్నగారి ముందే, ఆయన అనుమతితో చెప్పి నంబరు ఇవ్వండి. ఇది బ్యాంకు మీద బాధ్యత కాదు, వాళ్ల సహకారం మాత్రమే. కానీ చెవిలో ఫోన్ పెట్టుకుని, చెమటలు పోస్తూ కౌంటరు దగ్గర నిలబడ్డ పెద్దాయన్ని చూసి అడ్డుపడిన బ్యాంకు సిబ్బంది వల్ల చాలా ఇళ్లు మునగకుండా నిలిచాయి.

ఇక ఫోన్. వాట్సాప్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ, కాల్స్‌లోకి వెళ్లి ‘సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్’ ఆన్ చెయ్యండి. నంబరు సేవ్ చెయ్యనివాళ్ల కాల్ మోగదు, జాబితాలో మాత్రం కనిపిస్తుంది. వీడియో పోలీసుల్లో ఎక్కువమంది వచ్చేది ఈ దారినే కాబట్టి మిగతావి చెయ్యకపోయినా ఇదొక్కటి చెయ్యండి. అకౌంట్‌లో ‘టూ స్టెప్ వెరిఫికేషన్’ పెట్టి ఆరంకెల పిన్ ఇద్దరూ గుర్తుంచుకోండి. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి యాప్‌లు ఉంటే తీసెయ్యండి. అవి చెడ్డవి కావు, కానీ అపరిచితుడు చెప్పి వేయిస్తే మన తెర మొత్తం అతని కళ్లముందు ఉంటుంది.

అమ్మగారికి స్మార్ట్‌ఫోన్ తప్పనిసరి కాకపోతే బటన్ ఫోన్ ఇవ్వండి. మీ నంబర్లు స్పీడ్ డయల్‌లో పెట్టండి. కాల్స్ వస్తాయి గానీ యాప్ వేయించడం, తెర చూడ్డం, వీడియోలో కూర్చోబెట్టడం కుదరవు. ఆమె పేరుతో ఉన్న ఏటీఎం కార్డు, చెక్కు పుస్తకం ఎక్కడున్నాయో చూడండి.

మాట తీరు గురించి. ‘మీకు తెలియదు నాన్నా’ అని మొదలుపెడితే అక్కడితో అయిపోయింది. ‘నాన్నగారూ, ఈ మోసాల్లో మా ఆఫీసువాళ్లే పడుతున్నారు. నాకు అలాంటి ఫోన్ వస్తే ముందు మీకు చేస్తాను, మీకు వస్తే నాకు చెయ్యండి’ అనండి. అది నిజం కూడా. చదువుకున్నవాళ్లు, పెద్ద పదవులు చేసినవాళ్లు ఇందులో బాగానే పడ్డారు. ఇంట్లోవాళ్లకే తెలిసిన ఒక మాట అనుకోండి. పాత ఆవు పేరో, తాతగారి ఊళ్లో చెరువు పేరో, ఫేస్‌బుక్‌లో ఎక్కడా లేనిది ఏదైనా సరే. డబ్బు గురించి హడావుడిగా ఎవరు ఫోన్ చేసినా ఆ మాట చెప్పాలి. గొంతు మీదే అయినా సరే. ఇప్పుడు గొంతును కూడా కంప్యూటరుతో పుట్టిస్తున్నారు.

ఫోన్ పెట్టే బల్ల దగ్గర పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించండి: ‘పోలీసు, కస్టమ్స్, బ్యాంకు అంటే పెట్టెయ్. అమ్మాయికి ఫోన్ చెయ్. డబ్బు పోతే 1930.’ కింద మీ నంబరు, ఇంకొకరి నంబరు. మీరు మీటింగ్‌లో ఉంటే ఎత్తకపోవచ్చు, రెండో నంబరు ఊళ్లోనే ఉన్న బంధువుదైతే మేలు.

ఏదైనా జరిగితే తిట్టనని ముందే మాట ఇవ్వండి. పిల్లలు ఏమంటారోనన్న భయంతో పెద్దవాళ్లు రెండు మూడు రోజులు దాస్తారు, డబ్బు దొరకకుండా పోయేది ఆ రెండు మూడు రోజుల్లోనే.

3. డెలివరీ అబ్బాయినంటూ ఫోన్ చేశాడు. అడ్రస్ దొరకలేదు, మెసేజ్‌లో వచ్చిన కోడ్ డయల్ చేస్తే మాట్లాడొచ్చన్నాడు. 21తో మొదలయ్యే కోడ్ అది. చేశాను. అప్పట్నుంచి నాకు ఎవరి ఫోన్లూ రావడం లేదు. – వరంగల్

మీ కాల్స్ అతని ఫోన్‌కు మళ్లిపోతున్నాయి. నక్షత్రం గుర్తు, 21, మళ్లీ నక్షత్రం, ఒక పదంకెల నంబరు, చివర హ్యాష్ – ఇది ‘నాకు వచ్చే కాల్స్ అన్నీ ఈ నంబరుకు పంపు’ అని నెట్‌వర్కుకు చెప్పే ఆదేశం. మెసేజ్‌లు మళ్లవు, కాల్స్ మళ్లుతాయి. ఓటీపీని ఫోన్ చేసి చదివి వినిపించే పద్ధతి వాట్సాప్‌కు, ఇంకా కొన్ని సేవలకు ఉంది. అది అతని చెవికి చేరుతుంది. అనుమానం వచ్చి బ్యాంకు మీకు చేసే ఫోన్ కూడా అతనికే పోతుంది.

ఇప్పుడే ##002# డయల్ చెయ్యండి. అన్ని రకాల మళ్లింపులూ రద్దవుతాయి. తర్వాత *#21# డయల్ చేసి చూడండి, ‘నాట్ ఫార్వర్డెడ్’ అని రావాలి. రెండు సిమ్‌లు ఉంటే రెండింటితోనూ చెయ్యండి. పని చెయ్యకపోతే మీ నెట్‌వర్క్ కస్టమర్ కేర్‌కు చెప్పి తీయించండి. తర్వాత వాట్సాప్ తెరవండి. మిమ్మల్ని బయటికి నెట్టేసి ఉంటే మీ నంబరుతో మళ్లీ నమోదు చేసుకోండి, అతను బయటపడతాడు. అతను పిన్ పెట్టి ఉంటే తిరిగి అందడానికి ఏడు రోజులు పట్టొచ్చు. ఆలోగా మీ పేరుతో డబ్బు అడిగే మెసేజ్‌లు నమ్మొద్దని బంధువులకు చెప్పండి. ‘లింక్డ్ డివైసెస్’లో తెలియని పరికరం ఉంటే తీసెయ్యండి.

‘పార్సిల్ గోడౌన్‌లో ఆగింది, 12 గంటల్లో అడ్రస్ సరిచెయ్యండి’ అని ఇండియా పోస్ట్ పేరుతో వచ్చే లింకులు ఇంకో రకం. పాతికో ముప్పయ్యో కట్టమంటుంది. వాళ్లకు కావలసింది ఆ పాతిక కాదు, దానికోసం మీరు కొట్టే కార్డు నంబరు. కంపెనీలు, ప్రభుత్వ శాఖలు పంపే ఎస్సెమ్మెస్‌లు అక్షరాల పేరుతో వస్తాయి. ఆ పేరు చివర అడ్డగీత తర్వాత ఇంగ్లిష్ పీ, ఎస్, టీ, జీల్లో ఒకటి ఉంటుంది. పీ అంటే ప్రచారం, ఎస్ సేవ, టీ లావాదేవీ, జీ ప్రభుత్వం. పదంకెల మొబైల్ నంబరు నుంచో, ప్లస్ గుర్తుతో విదేశీ నంబరు నుంచో, ఈమెయిల్ ఐడీ నుంచో పోస్టాఫీసు మెసేజ్ వచ్చిందంటే చెరిపెయ్యండి.

మరొకటి: డెలివరీ ఓటీపీ పార్సిల్ చేతిలోకి వచ్చాకే చెప్పాలి. ‘ఆర్డరు పెట్టలేదా, అయితే రద్దు చేస్తాను, ఓటీపీ చెప్పండి’ అంటే చెప్పకండి. మీరు పెట్టని ఆర్డరును రద్దు చెయ్యాల్సిన అవసరమే మీకు లేదు. ఇంట్లో ఎవరు ఏది తెప్పించుకున్నా, ఎంత కట్టాలో పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచితే క్యాష్ ఆన్ డెలివరీ పేరుతో ఖాళీ డబ్బా అంటగట్టే మోసానికీ తావుండదు.

4. మా బంధువు నంబరు నుంచి వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ వచ్చింది. నొక్కితే ఏదో యాప్ వేసుకోమంది, వేసుకున్నాను. శుభలేఖ మాత్రం కనపడలేదు.

అది శుభలేఖ కాదు, ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా ఫోన్‌లోకి యాప్‌ను ఎక్కించే ఫైలు. ఆర్టీవో చలానా, పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ పేర్లతోనూ ఇవే తిరుగుతున్నాయి. మీ బంధువు ఫోన్ కూడా ఇలాగే వాళ్ల చేతికి చిక్కి ఉంటుంది. ఈ యాప్ ముందుగా అడిగేది ఎస్సెమ్మెస్ చదివే అనుమతి. అది దొరికితే మీ ఓటీపీలు మీకంటే ముందు వాళ్లకు చేరతాయి.

మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపండి. ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డు ఆపించండి. మీ ఫోన్ నుంచి కాదు. తర్వాత సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి ఆ యాప్ తీసెయ్యండి. తీసివేతకు ఒప్పుకోకపోతే ‘డివైస్ అడ్మిన్’ జాబితాలోనూ, యాక్సెసిబిలిటీలోనూ దాని పేరు పక్కన ఆఫ్ చేసి మళ్లీ ప్రయత్నించండి. కొన్నిటికి ఐకాన్ కనపడదు, జాబితాలో మాత్రమే ఉంటుంది. ఫొటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యడమే నిశ్చింత. పాస్‌వర్డులు, యూపీఐ పిన్ ఆ తర్వాతే మార్చండి, ముందు మారిస్తే కొత్తవీ వాళ్లకు తెలుస్తాయి. ఇకమీదట ఇది జరగకుండా స్పెషల్ యాప్ యాక్సెస్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ తెరిచి వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ మూడింటికీ ఆఫ్ చెయ్యండి.

5. మా అత్తగారి ఖాతా నుంచి నిన్న మూడు లక్షలు పోయాయి. వాళ్లు చెప్పినట్టు ఆవిడే పంపారు. 1930కి చేస్తే ఏమవుతుంది? డబ్బు వస్తుందా?

రావచ్చు. ఎంత వస్తుందన్నది మీరు ఎంత త్వరగా చేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. మోసగాళ్లు వచ్చిన డబ్బును నిమిషాల్లో అనేక ఖాతాలకు ముక్కలు చేసి పంపి, చివర ఏటీఎంలలో తీసేస్తారు, లేదా క్రిప్టోగా మారుస్తారు. 1930కి ఫిర్యాదు అందగానే ఆ వివరం కేంద్ర హోం శాఖ వ్యవస్థ ద్వారా సంబంధిత బ్యాంకుకు చేరుతుంది. ఆ ఖాతాలో మిగిలి ఉన్నంత మేర ఆపుతారు, అక్కడి నుంచి కదిలిపోతే తర్వాతి బ్యాంకుకు సమాచారం వెళుతుంది. నిన్న పోయిందంటున్నారు, ఆలస్యమైందని వదిలెయ్యకండి, ఈ నిమిషంలోనే చెయ్యండి.

ఫోన్ చేసే ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: అత్తగారి పేరు, మొబైల్ నంబరు, డబ్బు పోయిన ఖాతా నంబరు, బ్యాంకు, పోయిన తేదీ, సమయం, మొత్తం, ఏ ఖాతాకు లేదా యూపీఐ ఐడీకి వెళ్లింది. అన్నిటికంటే ముఖ్యం లావాదేవీ నంబరు. యూపీఐ, ఐఎంపీఎస్ అయితే 12 అంకెలు ఉంటుంది, నెఫ్ట్‌కు 16, ఆర్‌టీజీఎస్‌కు 22 అక్షరాలు, అంకెలు కలిపి. పాస్‌బుక్ ఎంట్రీలోనో, మెసేజ్‌లోనో, యూపీఐ యాప్ చరిత్రలోనో దొరుకుతుంది. ఇందులో ఒక్క అంకె తప్పినా బ్యాంకు ఆ లావాదేవీని పట్టుకోలేదు. రెండు మూడు దఫాలుగా పంపి ఉంటే ప్రతిదానిదీ చెప్పాలి. మీకొక అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు వస్తుంది. దాంతో జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తి చేసి, స్క్రీన్‌షాట్లు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచెయ్యండి. లైను దొరక్కపోతే ఆగకుండా నేరుగా పోర్టల్‌లోనే ఇవ్వండి. ఒకరు ఫోన్ చేస్తుంటే ఇంకొకరు అదే సమయంలో బ్యాంకుకు చెప్పడం ఇంకా మంచిది.

అత్తగారి ఫోన్‌లోని చాట్‌ను, కాల్ రికార్డును చెరపకండి. సిగ్గుతోనో కోపంతోనో ఇంట్లోవాళ్లు అవే ముందు తీసేస్తారు, పోలీసులకు పనికొచ్చేవి అవే.

బ్యాంకు బాధ్యత గురించి కచ్చితంగా తెలుసుకోండి. మీ ప్రమేయం లేకుండా, బ్యాంకు లోపమూ లేకుండా ఎవరో మూడోవాళ్లు డబ్బు లాగితే, బ్యాంకు అలర్టు వచ్చిన మూడు పనిదినాల్లో తెలియజేస్తే మీకు నష్టం ఉండకూడదని 2017 జులై నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే మామూలు సేవింగ్స్ ఖాతాదారు మీద పడేది గరిష్ఠంగా 10,000 రూపాయలు. కానీ ఓటీపీ, పిన్ మనమే చెబితే, బ్యాంకుకు తెలియజేసేంతవరకు జరిగిన నష్టం మనదే. తెలియజేసిన తర్వాత పోయినది బ్యాంకుది. మీ అత్తగారు స్వయంగా పంపారు కాబట్టి ఈ రక్షణ మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. అయినా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, తేదీ, సమయం, ముద్ర వేయించిన నకలు ఉంచుకోండి. 30 రోజుల్లో బ్యాంకు బదులివ్వకపోయినా, ఇచ్చింది సబబుగా లేకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెబుతారు.

డబ్బు ఎక్కడైనా ఆగితే, అది తిరిగి రావడానికి సాధారణంగా కోర్టు ఉత్తర్వు అవసరమవుతుంది. ఏ బ్యాంకులో ఎంత ఆగిందో దర్యాప్తు అధికారిని అడిగి రాయించుకోండి. తెలంగాణలో ఇలా ఆగిన సొమ్మును 2024 నుంచి లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు ఇప్పిస్తున్నారు. లాయరు ఫీజు భయంతో ఆగిపోకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి అడగండి.

‘మీ డబ్బు దొరికింది, కొంత ఫీజు కడితే ఇప్పిస్తాం’ అని కొన్నాళ్లకు ఎవరో ఫోన్ చేసే అవకాశం ఉంది. మొదట దోచినవాళ్ల దగ్గరున్న జాబితాయే చేతులు మారుతుంది. అత్తగారి నంబరు ఇకనుంచి ఇంట్లో ఇంకొకరు చూసుకోవడం మంచిది. ఆవిడను ఒంటరిగా వదలకండి. ఈ దెబ్బ డబ్బుతో ఆగదు, నిద్ర పట్టదు, తిండి సహించదు. ఎవరితోనైనా చెప్పుకోవాలంటే పెద్దలకోసం 14567 ఎల్డర్ లైన్ ఉంది.

6. మా పొదుపు సంఘంలో ఒకామె ఖాతా నుంచి ఓటీపీ లేకుండానే డబ్బు తీశారు. ఆమెకు స్మార్ట్‌ఫోన్ కూడా లేదు. – కడప జిల్లా

వేలిముద్రతో తీసి ఉంటారు. ఆధార్ ఆధారిత చెల్లింపుల్లో ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ అడగదు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీద ఉన్న వేలిముద్రల నుంచి నకిలీ ముద్రలు తయారుచేసిన ముఠాలు మన రెండు రాష్ట్రాల్లోనూ పట్టుబడ్డాయి. కొన్నిచోట్ల మోసం ఇంకా తేలిక: బ్యాంకు తరఫున ఊళ్లోనే డబ్బు ఇచ్చే కస్టమర్ పాయింట్‌లో ‘పడలేదమ్మా, మళ్లీ పెట్టు’ అంటూ రెండుసార్లు వేలు పెట్టించి రెండుసార్లు తీస్తారు. అక్కడ రసీదు తప్పక అడగాలి, వద్దన్నా అడగాలి.

ఆమె పొరపాటు ఏమీ లేదు, కాబట్టి మూడు పనిదినాల్లోపు బ్యాంకులో రాసివ్వండి. వెనక్కి ఇవ్వాల్సిన రకం ఇది. వేలిముద్రలను ఆధార్ సంస్థ ఉడాయ్ వెబ్‌సైటులోనో, ఎం ఆధార్ యాప్‌లోనో తాళం వెయ్యొచ్చు. ఇందుకు ఆధార్‌కు మొబైల్ నంబరు జతపడి ఉండాలి, సందేహాలకు 1947. అయితే తాళం వేస్తే రేషన్ షాపులో, పింఛను దగ్గర కూడా వేలు పనిచెయ్యదు. అప్పటికప్పుడు తాత్కాలికంగా తెరుచుకోవాలి. అది చేసిపెట్టే మనిషి ఇంట్లో లేకపోతే, తాళం బదులు ఆ ఖాతాలో ఆధార్ చెల్లింపులు ఆపమని బ్యాంకును రాతపూర్వకంగా అడగడం ఆమెకు సులువు.

7. మా అబ్బాయి డల్లస్‌లో చదువుతున్నాడు. అతను డ్రగ్స్ కేసులో పట్టుబడ్డాడని, వెంటనే డబ్బు పంపమని ఖమ్మంలో ఉన్న మాకు ఫోన్ వచ్చింది. వెనక ఏడుపు కూడా వినిపించింది.

ఇదీ మోసమే. వాట్సాప్ ఫొటోలో పోలీసు బొమ్మ, నంబరు ప్లస్ గుర్తు, 92తో (పాకిస్తాన్ కోడ్) మొదలవడం ఇలాంటివాటిలో తరచూ కనిపిస్తాయి. ఆపేసి నేరుగా మీ అబ్బాయికి చెయ్యండి. అక్కడ అర్ధరాత్రి అయి ఎత్తకపోతే రూమ్మేట్‌కు చెయ్యండి. ఆ నంబరు మీ దగ్గర లేకపోతే ఈరోజే అడిగి రాసుకోండి, ఇద్దరు స్నేహితులవి, ఇంటి చిరునామా కూడా. అబ్బాయికి కూడా చెప్పండి: అక్కడి ఇమిగ్రేషన్ శాఖ ఫోన్ చేసి డబ్బు అడగదు, గిఫ్ట్ కార్డుల రూపంలో అసలే తీసుకోదు. భారత రాయబార కార్యాలయం నంబరు తెరమీద కనిపించినా నమ్మొద్దు, నంబరును మార్చి చూపించడం వాళ్లకు తేలిక. అనుమానం ఉంటే కాలేజీ విదేశీ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లి అడగాలి.

8. నేను ఇంజినీరింగ్ విద్యార్థిని. నా బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ ఇస్తే నెలకు కమీషన్ ఇస్తామని సీనియర్ చెబుతున్నాడు. ఇప్పటికే ఒకసారి ఇచ్చాను. ఇప్పుడేం చెయ్యాలి?

పైన గుంటూరు టీచర్ గారిని పంపమన్న ‘రిజర్వు బ్యాంకు ఖాతా’ ఇలాంటిదే. ఎవరి పింఛనో మీ పేరు మీదుగా పోతుంది. ఐటీ చట్టం 66డి, భారతీయ న్యాయ సంహిత 318 సెక్షన్ల కింద కేసులో మొదటి పేరు మీదే అవుతుంది, ఎందుకంటే బ్యాంకు దగ్గర ఉన్న ఫొటో, ఆధార్ మీవి. ఫిర్యాదు ఏ రాష్ట్రంలో నమోదైతే అక్కడి పోలీసులే వస్తారు.

రేపు బ్యాంకు తెరవగానే వెళ్లి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. కార్డు, సిమ్ ఎవరికి, ఏ తేదీన ఇచ్చారో రాసి ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. సిమ్ మీ పేరు మీదే ఉంది కాబట్టి ఆధార్‌తో స్టోరుకు వెళ్లి పాతది ఆపించండి. ఖాతాలో మీది కాని డబ్బు ఉంటే ముట్టుకోకండి, సీనియర్ చెప్పిన ఖాతాకు పంపకండి. ఆ తర్వాత ఇంట్లోవాళ్లను, వీలైతే ఒక లాయరును వెంటబెట్టుకుని సైబర్ క్రైమ్ స్టేషన్‌కు మీ అంతట మీరే వెళ్లండి. స్టేట్‌మెంటు, బ్యాంకు నకలు, సీనియర్‌తో చేసిన చాట్ తీసుకెళ్లండి.